బండి మీద బండి

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం ఎర్రమంచి దగ్గర జాతీయ రహదారి ప్రక్కన ఒక టీ అంగడిలో కూర్చుని ఉన్నాను. పాత అలవాటు చొప్పున నేనింకా దానిని ఏడవ నంబరు రోడ్డనే అంటాను గాని, 2010లో నంబర్లు మార్చిన తరువాత అది నలభైనాలుగవది అయింది. బెంగళూరు వైపు నుండి ఒక పికప్ బండి వచ్చి అంగడి ముందర ఆగింది. దాని వెనుక తొట్టిలో నాలుగు సైకిళ్ళున్నాయి. తొట్టి చిన్నది, సైకిళ్ళు పెద్దవి. అందుచేత వాటి ముందు చక్రాలను వెనుక తలుపు మీదుగా బయటికి వేలాడదీసి, గీతలు పడకుండా తలుపు మీద దళసరి మెత్త ఒకటి పరచి, పట్టీలతో బిగించారు. నలుగురు కుర్రవాళ్ళు దిగి టీ చెప్పారు.

నా ప్రక్కన ఎనభై దాటిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ సైకిళ్ళను చాలాసేపు తేరిపార చూసి, నా వైపు తిరిగి అడిగాడు.

"ఏం అయివారూ, తొక్కేదానికని చేసిన సైకిల్ని బండిమీద మోసకపోతాండారే, చెడిపోయిండాయా ఏంది?"

నాకూ తెలియదు కనుక కుర్రవాళ్ళనే అడిగాను. చెడిపోలేదట. కొండమీదికి బండిలో వెళ్ళి, అక్కడినుండి సైకిలుమీద కిందికి దిగడం వారి ఆట అట.

"మరి ఎక్కేదెట్ల?" అన్నాడు పెద్దాయన.

"ఎక్కము తాతా, దిగేదొక్కటే."

పెద్దాయన నోటిలో మిగిలిన రెండు మూడు పళ్ళూ కనబడేటట్లు నవ్వాడు. "బాగుండాది. కష్టము బండికి, సుకము మీకు."

ఆ మాట నన్ను వదలలేదు. ఒక బండిని ఇంకొక బండి ఎందుకు మోయాలి? ఇది ఇప్పటి ముచ్చటా, పాతదా? ఇంటికి వచ్చి నాలుగు రోజులు దీని వెనుక పడ్డాను. ఆ నాలుగు రోజుల ఫలమే ఈ టపా. భాష చెప్పుకొని బ్రదికినవాణ్ణి కనుక మాటలతోనే మొదలుపెడతాను, ఓపిక పట్టండి.

'వాహనము' సంస్కృత శబ్దం. వహించేది, అంటే మోసేది, వాహనం. 'బండి' మనది. కన్నడంలోనూ బండే, తమిళంలో వండి. ఇక బండ్లను మోసే బండి అనగానే మనకు జ్ఞప్తికి వచ్చేది ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న సామెత. దాదాపు నలభై ఏళ్ళు పిల్లలకు ఈ సామెత చెప్పాను. ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేచి, "ఓడ బండెట్లవుతుంది సార్?" అని అడిగేవాడు. అడగవలసిన ప్రశ్నే. జనం నోట పడి సామెత అరిగిపోయింది. సుమతీ శతకంలోని కందం తీసి చూస్తే అక్కడ ఒకటి మఱొకటిగా మారే ఊసే లేదు. బండ్లు ఓడలమీద వస్తాయి, ఓడలు బండ్లమీద వస్తాయి, కలిమి లేములూ అటువంటివే అని కవి చెప్పాడు. నీటిని దాటవలసి వచ్చినప్పుడు బండి ఓడనెక్కుతుంది. ఒడ్డున కట్టిన పడవ నీటిని చేరాలంటే బండినెక్కుతుంది. అంటే ఇది మాయల ముచ్చట కాదు, అచ్చంగా రవాణా ముచ్చట. కోనసీమ మిత్రులకు ఇది చెప్పనక్కరలేదు. సఖినేటిపల్లి, నర్సాపురం నడుమ గోదావరి మీద పంటు ఎక్కినవారు బండ్లు ఓడనెక్కడం కళ్ళారా చూసినవారే. సముద్రం లేని మా సీమలో పుట్టినవాడికి ఆ పద్యం పుస్తకంలోనే ఉండిపోయింది. ఉండిపోయిందనే అనుకొన్నాను, ఇన్నాళ్ళూ.

ఇంకా వెనక్కి పోతే, బండిని మోయడం మన దేవాలయాలలోనే ఉంది. బ్రహ్మోత్సవాలలో స్వామి గరుడ వాహనం మీద, హనుమంత వాహనం మీద ఊరేగుతాడు. వహించేది కనుక అది వాహనం. కాని ఆ వాహనం తనంత తాను కదలదు. దానిని భుజాన మోసేది మనుషులు. స్వామిని గరుత్మంతుడు మోస్తే, గరుత్మంతుణ్ణి ఊరివాళ్ళు మోస్తారు. శిలాశాసనాలలో మోయించినవారి పేర్లుంటాయి గాని మోసినవారి పేర్లు ఎక్కడో గాని కనబడవు.

మా పెనుకొండ చరిత్ర కూడా బరువుల రవాణాతోనే ఒక మలుపు తిరిగింది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయింది. అళియ రామరాయలు పడిపోయాడని తెలియగానే ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం చేరి, ఖజానాలోని ధనాన్ని ఏనుగులకెత్తించి పెనుకొండకు తరలించాడు. రాబర్ట్ స్యూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథంలో ఆ ఏనుగుల సంఖ్య 550 అని వ్రాశాడు. ఆ లెక్కలో అతిశయోక్తి ఎంతో గాని, ఒక మహారాజ్యం సామాను సర్దుకొని మా ఘనగిరికి వచ్చిందన్నది మాత్రం నిజం. రాజధానిలో ఎవరి ఇంటిముందు ఎవరు ఎంతటి పల్లకి దిగారో గాని, పెనుకొండ చేరేటప్పటికి అందరూ దారిదుమ్ము తిన్నవారే. ఓడలు బండ్లమీదికి రావడమంటే అదే.

సరే, మన కాలానికి వస్తాను.

నా చిన్నతనంలోనూ, ఉద్యోగం తొలినాళ్ళలోనూ సైకిలు మరొక బండినెక్కడం నిత్యం చూసేదే. ఆర్టీసీ ఎర్రబస్సులకు వెనుక ఒక ఇనుప నిచ్చెన ఉండేది, పైన సామాను వేసే కటకటాలు ఉండేవి. గంపలు, కోళ్ళ బుట్టలు, అరటిగెలలు, వాటి సరసన సైకిళ్ళు. సైకిలును ప్రక్కకు పడుకోబెట్టి, కటకటాల సందులో పెడలు ఇరికించి, పీచుతాడుతో రెండు చుట్లు చుట్టి ముడివేసేవారు. కండక్టరుకు సామాను టిక్కెట్టు డబ్బులివ్వాలి. అటుకొసన ఉద్యోగానికి సైకిలు కావాలి, ఇటుకొసన ఊరికి బస్సు కావాలి, అందుకే ఆ ఏర్పాటు. రైలులో అయితే బ్రేకు పెట్టెలో వేసి, చీటీ కట్టి పంపేవారు. ఇది ఎవరికీ వింత కాదు. పైన కట్టిన సైకిలు దించేటప్పుడు చక్రం వంగి ఉంటే అదీ వింత కాదు.

ఇందుకు సరిగ్గా తలక్రిందులైన దృశ్యం కూడా అదే రోడ్డుమీద కనబడేది. కొత్త లారీ చాసిస్‌లు. గది లేదు, తలుపులు లేవు, తొట్టి లేదు. ఉత్త అస్థిపంజరం, దానికొక ఇంజను, ఒక స్టీరింగు. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకొని, నల్లకళ్ళద్దాలు పెట్టుకొని, ఎండలో, వానలో, వందల మైళ్ళు దానిని తోలుకొని పోయేవాడు. నాలుగైదు చాసిస్‌లు వరుసగా పోతుంటే మా బడిపిల్లలు గోడలెక్కి చూసేవారు. అంత పెద్ద బండిని మోసే బండి మన దగ్గర లేదు కనుక అది తన కాళ్ళమీదనే నడిచిపోవలసి వచ్చేది. తొక్కితే పోయే చిన్న సైకిలేమో బస్సెక్కి దర్జాగా పోయేది. చిత్రమే.

ఇక ఆ పెద్దాయన ఎవరో చెప్పాలి.

1986లో నేను పెనుకొండలో కాపురముండి, దగ్గరలోని ఒక పల్లె బడికి సైకిలుమీద వెళ్ళివచ్చేవాణ్ణి. సైకిలు హెర్క్యులీస్, సెకండుహ్యాండుది. రాడ్ బ్రేకులు. రబ్బరు కట్టలు అరిగిపోయి చాలా కాలమైంది. జీతం రాగానే మార్పించాలి అనుకోవడం, జీతం రాగానే ఇంకేదో ఖర్చు తగలడం. ఒక సాయంత్రం జల్లు పడుతూండగా ఏటవాలులో వస్తున్నాను. తడిసిన చక్రానికి రబ్బరు పట్టలేదు. ఎంత నొక్కినా బండి ఆగదు. వేగం పెరిగిపోయి, మలుపు తిరగలేక, గుంటలో పడ్డాను. మోకాలి చిప్ప దగ్గర లోతుగా కోసుకుపోయింది. ముందు చక్రం అప్పడంలాగా మడతపడింది.

అప్పుడు వెనుకనుండి చెనక్కాయ మూటలతో ఒక ఎద్దులబండి వచ్చింది. తోలుతున్నది ఈయనే, అప్పటికి నలభైయేళ్ళవాడు. మారు మాటాడకుండా దిగి, తలగుడ్డ చింపి నా మోకాలికి కట్టి, సైకిలును మూటలమీద పడుకోబెట్టి, దాని ప్రక్కన నన్ను కూర్చోబెట్టాడు. నా సైకిలూ నేనూ కలిసి ఎద్దులబండెక్కి పెనుకొండ చేరాము. దారిలో ఆయన చెప్పిన మాట ఒకటి నాకు ఏ శాస్త్రగ్రంథంలోనూ అంత స్పష్టంగా దొరకలేదు.

"మిట్టలో ఎద్దు బండిని లాగుతాది అయివారూ. దిగుడులో బండే ఎద్దును తోస్తాది. లాగే బండికంటే తోసే బండి శానా చెడ్డది."

ఎంత నిజం! దిగుడులో కాడి ముందుకు జరిగి ఎద్దుల కొమ్ములమీదికి ఎక్కుతుంది. మూటల బరువంతా ముందుకు తోస్తుంది. అందుకని తోలేవాడు దిగి, వెనుకకు వేలాడి బరువు పట్టేవాడు. మరీ దిగుడైతే ఒక మానుదుంగను తాడుతో బండి వెనుక కట్టి నేలమీద ఈడ్పించేవారు. దుంగ ఈడ్చుకొంటూ రావడంవల్ల బండి నెమ్మదిస్తుంది. మా కదిరిలో లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం చూసినవారికి ఇది తేలికగా తెలుస్తుంది. వేలమంది మోకులు పట్టి తేరును లాగుతారు, కాని నేర్పంతా చక్రాల క్రింద కొయ్యదిమ్మెలు పెట్టి దానిని ఆపేవారిది, మలుపు తిప్పేవారిది. కదిలించడం జనం పని, నిలపడం పనివాడి పని.

మందుల ఖర్చు పోగా మిగిలినదేదో ఇవ్వబోతే ఆయన తీసికోలేదు. "మావాడు మీ బడిలోనే సదువుతాండాడు, రెండు పద్యాలు వచ్చేటట్ల చేయండి చాలు" అన్నాడు. ఆ పని మాత్రం నా వల్ల కాలేదు. పద్యం అప్పజెప్పమంటే బల్లక్రింద దూరేవాడు వాడు.

సైకిలుమీద కొండ దిగే ఆటకు కూడా మూలం ఇటువంటి బ్రేకు కథే అని ఈ నాలుగు రోజుల్లో తెలిసికొన్నాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు మారిన్ జిల్లాలో, ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న పట్టణం దగ్గర, 1970లలో కొందరు యువకులు 1930ల, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళను చెత్తకుప్పలనుండి, పాతసామాన్ల కొట్లనుండి ఏరుకొన్నారు. బరువైన చట్రాలు, లావుపాటి టైర్లు. ఇతరులకు పనికిరాని ఆ సైకిళ్ళు రాళ్ళదారిలో బాగా నిలిచేవి. వాటిని పికప్ ట్రక్కులలో వేసుకొని కొండమీదికి చేర్చి, అక్కడినుండి మట్టిదారిలో దిగేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ తొలి పందెం జరిగింది. నిర్వహించినవాడు చార్లీ కెల్లీ. రెండు మైళ్ళకు కొంచెం తక్కువ దూరం, అందులోనే సుమారు 1300 అడుగుల పల్లం. గ్యారీ ఫిషర్ దానిని 4 నిముషాల 22 సెకండ్లలో దిగి రికార్డు నెలకొల్పాడు.

ఆ దారికి 'రీప్యాక్' అని పేరు. ఎందుకంటారా? ఆ పాత సైకిళ్ళకు చేతిబ్రేకు లేదు. పెడలును వెనక్కి తొక్కితే వెనుక చక్రం కుండలోపలే బ్రేకు పడుతుంది. కొండ దిగేసరికి ఆ కుండ కాలిపోయి, లోపలి గ్రీజంతా కరిగి, పొగలై పోయేది. క్రిందికి దిగిన ప్రతిసారీ కుండ విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. మళ్ళీ కూరడమే రీప్యాక్. ఇది చదివినప్పుడు నా అరిగిన రబ్బరు కట్టలు గుర్తుకు వచ్చి మోకాలు తడుముకొన్నాను. వాళ్ళు కావాలని చేసిన పనిని నేను పేదరికం వల్ల చేశాను, అంతే తేడా.

1977లో జో బ్రీజ్ అనేవాడు, ఆయనా ఆ పందేలలో దిగినవాడే, ప్రత్యేకంగా ఈ పనికోసమే కొత్త చట్రాలు కట్టాడు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి 'మౌంటెన్ బైక్స్' పేరుతో అంగడి పెట్టారు. 1990లో కొలరాడోలోని దురాంగోలో జరిగిన తొలి అధికారిక ప్రపంచ పోటీలలో కొండదిగుడుకు స్థానం దొరికింది. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో కొండ సైకిలు ప్రవేశించింది గాని, అక్కడికి పోయింది ఎక్కుడూ దిగుడూ రెండూ ఉన్న పందెమే. దిగుడు ఒక్కటే ఉన్నదానికి ఒలింపిక్సు ప్రవేశం ఇంతవరకూ లేదు. ఎక్కనివాడికి పతకమెందుకని కాబోలు. ఇది నా వ్యాఖ్య మాత్రమే, కారణం కాదు!

ఆ సైకిలు తీరు చూస్తే దానికి బండి ఎందుకు కావాలో అర్థమవుతుంది. టీ త్రాగుతూ ఒక కుర్రవాడు ఓపికగా చూపించాడు. ముందూ వెనుకా స్ప్రింగులు. చక్రం ఇంచుమించు 200 మిల్లీమీటర్లు పైకీ క్రిందికీ ఆడుతుంది. కూర్చునే గద్దె మరీ పల్లంలో ఉంది. దిగేటప్పుడు దానిమీద కూర్చోరు, పెడళ్ళమీద నిలబడి ఒళ్ళు వెనక్కి వాలుస్తారు. అచ్చంగా మా పెద్దాయన బండి వెనుక వేలాడినట్లే. బరువు పదహారు, పదిహేడు కిలోలు. మిట్టలో తొక్కబోతే తొక్కినవాడి బలంలో కొంత ఆ స్ప్రింగులే మ్రింగుతాయి. కొండ దిగడానికి ఎంత అనుకూలంగా చేశారో ఎక్కడానికి అంత ప్రతికూలంగా తయారైంది. కెనడాలో విస్లర్ వంటి చోట్ల శీతాకాలంలో మంచుమీద జారేవారిని పైకి తీసికొనిపోయే వ్రేలాడు కుర్చీలకే వేసవిలో సైకిళ్ళు తగిలించి పైకి పంపుతారు. కుర్చీలు లేనిచోట ఇదిగో, పికప్ బండి.

మనవారి పద్ధతి దీనికి విలోమం. తిరుమల ఘాటు రోడ్డు 1944లో వచ్చింది. రెండవది 1974లో. అయినా మ్రొక్కుకొన్నవాడు నేటికీ అలిపిరి నుండి మెట్లెక్కి పోతాడు, దర్శనమయ్యాక బస్సులో దిగుతాడు. ఎక్కడం పుణ్యం, దిగడం ప్రయాణం. ఈ కుర్రవాళ్ళకు ఎక్కడం ప్రయాణం, దిగడం పుణ్యం. నేను ఈ మాట అంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "దిగేదే కష్టము అయివారూ, మీకు తెలీదా?" అని నా మోకాలివైపు చూశాడు.

ఇప్పుడు ఎర్రమంచి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టసీమ ఇది. చెనక్కాయ వేయడం, ఆకాశం చూడడం. 2017 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా కార్ల సంస్థ కియాకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం 536 ఎకరాలు, ఏటికి 3 లక్షల కార్ల సామర్థ్యం. నీటికోసం గొల్లపల్లి జలాశయం. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణ నీళ్ళు అక్కడికి వస్తాయి. 2019 జనవరి 29న పరీక్షకోసం తయారుచేసిన తొలి కారు బయటికి వచ్చింది. ఆగస్టులో సెల్టోస్ అనే కారు అమ్మకానికి సిద్ధమైంది. డిసెంబరు 5న కర్మాగారానికి అధికారికంగా ప్రారంభోత్సవం జరిగింది. 2023 జూలైకి పదిలక్షలవ కారు వచ్చింది. ఈ నడుమ 2022లో మేము అనంతపురం జిల్లా వదలి శ్రీ సత్యసాయి జిల్లావాళ్ళమయ్యాము.

ఇవన్నీ పత్రికలలో వచ్చినవే. నాకు మాత్రం ఆ సంస్థ పుట్టుక తెలిసినప్పుడు ఒక్క క్షణం నోట మాట రాలేదు. కియా 1944లో సియోల్‌లో మొదలైంది. అది చేసినవి కార్లు కావు, ఉక్కు గొట్టాలు, సైకిలు భాగాలు. కొరియా యుద్ధం జరుగుతూండగా, 1950ల తొలినాళ్ళలో, దక్షిణాన ఉన్న బుసాన్ రేవులో ఆ దేశపు తొలి స్వదేశీ సైకిలును తయారుచేసింది. దాని పేరు 'సామ్‌చొల్లి', అంటే మూడువేల 'రి'లు. 'రి' వాళ్ళ దూరమానం, మన ఆమడ వంటిది, కాకపోతే చిన్నది. తమ దేశం ఈ కొసనుండి ఆ కొసకు మూడువేల రిలని వాళ్ళు చెప్పుకొంటారు. దేశం రెండుగా చీలి, మధ్యలో తుపాకులు పేలుతున్న కాలంలో మొత్తం దేశం పొడవును సైకిలుకు పేరుగా పెట్టారు! తరువాత మోటారు సైకిళ్ళు, 1962లో మూడు చక్రాల చిన్న ట్రక్కు, 1974లో బ్రిసా అనే కారు. 1997 ఆర్థిక సంక్షోభంలో దివాలా తీసింది. మరుసటి ఏడు హ్యుండాయ్ దానిని తీసికొంది. కలిమి లేముల పద్యానికి ఇంతకంటే వ్యాఖ్యానమేమి కావాలి? సైకిలు చేసిన చేతులే మా ఎర్రమంచిలో సైకిలును మోయగల కార్లు చేస్తున్నాయి.

అయితే ఆ కార్లు కర్మాగారం గేటు దాటి తమ చక్రాలమీద పోవు. నాటి లారీ చాసిస్‌ల రోజులు కావివి. కొన్నవాడికి మీటరులో అంకె ఎక్కువ తిరగని కారు కావాలి. అందుచేత కొత్త కారు ట్రెయిలరెక్కుతుంది. లేకపోతే పెనుకొండ స్టేషనులో రైలెక్కుతుంది. ఆ రైలు పెట్టెలలో ప్రయాణికులను మోసి మోసి వయసు మీఱినవి కొన్ని ఉంటాయి. కిటికీలు మూసివేసి, సీట్లు తీసివేసి, చివర తలుపులు పెట్టి కార్లకోసం మార్చినవి. ఒక కొస పెట్టెలోకి కారు ఎక్కించి, పెట్టెనుండి పెట్టెకు నడుపుకొంటూ ముందుకు పోతారు. ఉద్యోగవిరమణ తరువాత ఇంకొక ఉద్యోగం దొరికిన ఆ పెట్టెలను చూస్తే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది. లారీలకు లారీలే రైలెక్కే ఏర్పాటు కూడా ఉంది. కొంకణ్ రైల్వే 1999లో మొదలుపెట్టింది. సరుకుతో సహా లారీ రైలు బల్లమీదికి ఎక్కుతుంది, డ్రైవరు అందులోనే కూర్చుని తన లారీతో పాటు కనుమలు దాటుతాడు. ఇక విదేశాలకు పోయే కార్లు చెన్నపట్నం వైపు రేవులకు చేరి ఓడలెక్కుతాయి. బండ్లు ఓడలమీద! సముద్రం ఎఱుగని మా పల్లెకు ఆ కందపద్యం నడిచి వచ్చింది.

పెద్దాయన కొడుకు, అదే, పద్యం రానివాడు, ఇప్పుడు ఆ కార్లను మోసే ట్రెయిలరు తోలుతున్నాడు. ఆదివారం టీ అంగడి దగ్గర మేము కూర్చున్నది వాడి కోసమే. వాడు వచ్చి, కాళ్ళకు మ్రొక్కి, నన్ను తన బండి దగ్గరకు తీసికొనిపోయి అంతా చూపాడు. రెండు అంతస్తులు. ఏడో ఎనిమిదో కార్లు పడతాయి. కారుకూ కారుకూ నడుమ బెత్తెడు సందు.

"కట్టేది కారును కాదు సార్, చక్రాన్ని. కారును బిగదీసి కడితే గుంతలో పడినప్పుడల్లా ఒంటికి దెబ్బ. చక్రం కడితే పైన ఒళ్ళు దాని స్ప్రింగులమీద అదే ఊగుతాది."

వాడు ఇంతకంటే మంచి పద్యం నాకు అప్పజెప్పలేదు.

రాబడి సంగతి అడిగాను. పోయేటప్పుడు నిండుగా పోతాడు, రావడమే చిక్కు. కార్లు తప్ప వేరే సరుకు ఆ బండిలో పట్టదు. ఉత్తరాన గురుగ్రామ్, మనేసర్ వైపు తయారైన కార్లు దక్షిణానికి వచ్చేవి దొరికితే సరి, లేకుంటే రోజుల తరబడి కాచుకోవడం. ఒకే రోడ్డుమీద ఇక్కడి కార్లు అక్కడికీ, అక్కడి కార్లు ఇక్కడికీ ఎదురెదురుగా పోతుంటాయి. ఎందుకని నన్నడగకండి. వాడికీ కారు లేదు. మోటారు సైకిలుంది.

కర్మాగారానికి పోయిన భూములలో వీళ్ళ మూడెకరాల మెట్ట కూడా ఉంది. వచ్చిన పైకం ముగ్గురు కొడుకులూ పంచుకొన్నారు. ఒకడు ఇల్లు కట్టాడు, ఒకడు కూతురి పెండ్లి చేశాడు, వీడు డ్రైవింగు నేర్చుకొన్నాడు. ఎద్దులు అంతకుముందే పోయాయి. దీనిని తలచుకొని ఏడవాలో సంతోషించాలో చెప్పే తాహతు నాకు లేదు. ఆ చేలో వరుసగా నాలుగేళ్ళు పెట్టుబడి కూడా రాని రోజులు నేను చూశాను. కరువుపనికి పోయిన పిల్లలు బడిమానివేస్తే వారి పేర్లు హాజరుపట్టీలో ఎఱ్ఱసిరాతో కొట్టివేసినవాణ్ణి. పొలం పోయింది కనుక అది బంగారు పొలమని ఇప్పుడు వ్రాస్తే అబద్ధమవుతుంది. కాని పెద్దాయన ప్రతిరోజూ పొద్దున్నే ఈ టీ అంగడికి వచ్చి, గోడవైపే చూస్తూ కూర్చుంటాడు. ఆ గోడకు లోపల ఎక్కడో ఆయన బావి ఉండేది. అదీ అబద్ధం కాదు.

ఆయన ఇంటి పంచలో పాత బండి చక్రం ఒకటి మిగిలింది. రోడ్డుప్రక్క డాబా హోటలువాళ్ళు గోడకు అలంకారంగా పెట్టుకొంటామని అడిగారట, ఇవ్వలేదు. నేను చూడాలంటే కొడుకు తన మోటారు సైకిలుమీద ఇంటికి తీసికొనిపోయాడు. వాడి కూతురు, ఇంజనీరింగు చదువుతున్న అమ్మాయి, ఆ చక్రం భాగాల పేర్లు చెప్పమంటే, ఇరుసు అని ఒక్కటి చెప్పి ఆగిపోయింది. ఆకులు, పూటీలు, కుండ, చీల, నొగలు, కాడి అని తాత ఒక్కొక్కటే చేత్తో ముట్టుకొని, లేనిచోట గాలిలో చూపించి చెబుతుంటే, ఆ పిల్ల ఫోనులో ఎక్కించుకొంది. పేర్లన్నీ వచ్చాయి. దిగుడులో బండి వెనుక కట్టి ఈడ్పించే ఆ మానుదుంగ దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. దానికి వేరే పేరుండేది అన్నాడు. నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. "మా నాయన పిలుస్తాండె... ఏమంటాండె..." అని అరగంట తల గోక్కొన్నాడు. నేను బయలుదేరి గడప దాటుతుంటే కూడా, "ఉండండి అయివారూ, వస్తాది" అన్నాడు. రాలేదు.

ఇంటికి వచ్చి నా దగ్గర ఉన్న నిఘంటువులు త్రిప్పాను. అందులోనూ దొరకలేదు. మీ మీ ప్రాంతాలలో, ముఖ్యంగా కొండదారులున్న ఊళ్ళలో, ఆ దుంగను ఏమనేవారో ఇంట్లో పెద్దలనడిగి తెలియజేయగలరు. ఉగాది తరువాత మళ్ళీ ఎర్రమంచి వెళ్తాను, ఆయనకు చెప్పాలి.